పెద్ద టైరు వేశాక బ్రేకు సంగతేమిటి?

పికప్ ట్రక్కు కొని అడవి దారులు పట్టేవాళ్లు మొట్టమొదట మార్చేది టైర్లే. కంపెనీ ఇచ్చినవి తీసేసి, వాటికంటే రెండు మూడు అంగుళాలు ఎత్తున్నవి, గళ్లు లోతుగా ఉన్నవి వేయిస్తారు. బండి ఠీవి మారుతుంది, రాళ్ల మీద అడుగు తగలకుండా పోతుంది. కొన్నాళ్లకు ఘాట్ రోడ్డు దిగేటప్పుడో, ముందు పోతున్న లారీ ఉన్నట్టుండి ఆగినప్పుడో, బ్రేకు మునుపటిలా లేదని తెలుస్తుంది. అప్పటినుంచి సలహాలు మొదలవుతాయి. పెద్ద డిస్కులు వేయించమని ఒకరు, ఏమీ అక్కర్లేదు కాస్త గట్టిగా తొక్కమని ఇంకొకరు, అసలు టైర్లు మార్చడమే తప్పని మరొకరు.

మూడు సలహాల్లోనూ కొంత నిజముంది. ఏదీ పూర్తిగా సరిపోదు. ఎందుకంటే ‘బ్రేకు తగ్గింది’ అనే ఒక్క ఫిర్యాదు కింద మూడు వేర్వేరు నష్టాలున్నాయి. చక్రాన్ని ఆపే బలం తగ్గడం ఒకటి. బ్రేకు వేడికి తట్టుకోలేకపోవడం రెండోది. రోడ్డు మీద టైరు పట్టు తగ్గడం మూడోది. దేని కారణం దానిది, దేని వైద్యం దానిది. తన బండికి జరిగిన నష్టం ఏదో తేల్చుకోకుండా డబ్బు ఖర్చు పెట్టినవాడికి కొత్త సామాను మిగులుతుంది, పాత ప్రమాదమూ మిగులుతుంది. ఈ వ్యాసం ఆ మూడింటినీ విడదీసి, దేనికి ఏది పనిచేస్తుందో, ఏది ముందు ఏది వెనకో చూసే ప్రయత్నం.

ఎంత పెంచితే ఎంత మార్పు

లెక్క కోసం ఒక సైజు పట్టుకుందాం: 265/65 ఆర్ 17. టొయోటా హైలక్స్, ఫార్చ్యూనర్ తరగతి బండ్లలో బాగా వాడుకలో ఉన్న సైజు ఇది. వెడల్పు 265 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 17 అంగుళాలు. మొత్తం ఎత్తు 776 మిల్లీమీటర్లు, అంటే ముప్పై అంగుళాల పైన. ఇదే రిమ్ముకు 265/70 వేస్తే 803 మి.మీ., 285/70 వేస్తే 831 మి.మీ., 315/70 వేస్తే 873 మి.మీ. వాడుకలో 33 అంగుళాలు, 35 అంగుళాలు అనేవి ఈ చివరి రెండూ. శాతాల్లో చూస్తే పాత ఎత్తు మీద పెరుగుదల మూడున్నర, ఏడు, పన్నెండు.

దీనివల్ల వచ్చే లాభం అనుకున్నంత ఉండదు. టైరు ఎత్తు 54 మి.మీ. పెరిగితే వెనక ఇరుసు హౌసింగు నేల నుంచి లేచేది అందులో సగం, 27 మి.మీ. మాత్రమే. అయినా ఆ సగం చిన్నదేమీ కాదు. స్ప్రింగులు మార్చి బండిని ఎంత పైకి లేపినా హౌసింగు కింద ఖాళీ పెరగదు. అక్కడ ఖాళీ పెంచగలిగేది టైరు ఒక్కటే. పెద్ద చక్రం గుంతల్లో తక్కువ దిగుతుంది, రాతి అంచును తేలిగ్గా ఎక్కుతుంది. గాలి తగ్గించినప్పుడు పొడవాటి గోడ సాగి, నేల మీద ఎక్కువ పొడవున పరుచుకుంటుంది. ఈ లాభాలు నిజమైనవి కాబట్టే ప్రశ్న కూడా నిజమైనది.

బలం: పెరిగిన మీట

తలుపును బందు దగ్గర పట్టుకుని ఆపాలని చూసేవాడికీ, అంచు దగ్గర నెట్టేవాడికీ మధ్య పోటీ ఊహించండి. బ్రేకు ప్యాడ్లు చక్రం మధ్యకు దగ్గర్లో పట్టుకుంటాయి, రోడ్డు చక్రం అంచున నెడుతుంది. టైరు ఎత్తు పెరిగేకొద్దీ రోడ్డు చేతిలో మీట పొడవవుతుంది, బ్రేకు పట్టే చోటు మాత్రం మారదు. అందుకని పెడల్ మీద అదే బలం పెట్టినా నేల దగ్గర ఆపే శక్తి తగ్గుతుంది. పైన చెప్పిన సైజుల్లో 285/70కి ఈ తగ్గుదల ఆరున్నర శాతం, 315/70కి 11 శాతం. 37 అంగుళాల దాకా వెళితే 17 శాతం దాటుతుంది.

ఈ తగ్గుదలను మామూలుగా కాలితో పూడ్చుకోవచ్చు. ఎక్కువ తొక్కితే ఎక్కువ పట్టుకుంటుంది. ‘గట్టిగా తొక్కితే చాలు’ అనేవాళ్ల వాదన ఇక్కడిదాకా సరైనదే. గట్టిగా తొక్కినప్పుడు ఏబీఎస్ పనిలోకి దిగిందంటే, చక్రం జారే హద్దుదాకా బ్రేకు తేగలుగుతోందని అర్థం. ఆ బండికి ఇంకా పెద్ద డిస్కులు వేసినా ఒక్క అత్యవసర ఆపులో దూరం తగ్గదు; అక్కడ హద్దు టైరుది.

అయితే కాలికీ ఒక హద్దు ఉంది. అమెరికాలో 3,500 కిలోల లోపు బండ్లకు వర్తించే బ్రేకు ప్రమాణం, 135 నంబరుది, ఈ హద్దును అంకెల్లో పెట్టింది. 100 కిలోమీటర్ల వేగం నుంచి 70 మీటర్లలో ఆగాలి. పెడల్ మీద బలం 500 న్యూటన్లు, అంటే సుమారు 50 కిలోల బరువుకు సమానమైన ఒత్తిడి, దాటకూడదు. కాలి బలాన్ని పెంచే బూస్టరు పనిచేయని స్థితిలో అదే ఒత్తిడితో 168 మీటర్లలో ఆగాలి. అసలు పరీక్ష ఇదే. ఇంజను ఆగిపోయి పెడల్ రాయిలా గట్టిపడిన రోజున, కాలికి ఇంకా ఎక్కువ తొక్కే సత్తువ మిగిలి ఉండదు. పెద్ద టైరు తినేసిన 11 శాతం అప్పుడు ఆగే దూరంలో పైకి తేలుతుంది. కంపెనీ వదిలిపెట్టిన జాగ్రత్త మోతాదును మనం టైరు కోసం ఖర్చు పెట్టేశామన్న మాట.

హ్యాండ్ బ్రేకుకూ ఇదే లెక్క. నిటారు వాలులో బండి ఆపి దిగేటప్పుడు వెనక చక్రాలను పట్టి ఉంచే శక్తి కూడా అంతే శాతం తగ్గి ఉంటుంది. కాలితో తొక్కి పూడ్చుకునే అవకాశం అక్కడ లేదు. గేరులో పెట్టి, చక్రం కింద రాయి పెట్టి దిగడం పెద్ద టైర్ల బండికి తప్పనిసరి అలవాటు.

వేడి: ఘాట్ రోడ్డు లెక్క

రెండో నష్టం మరింత ప్రమాదకరం, ఎందుకంటే ఊళ్లో తిరిగినంత కాలం కనిపించదు. బ్రేకు చేసే పని కదలికను వేడిగా మార్చడం. సామానుతో కలిపి 2,500 కిలోల పికప్ 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే పుట్టే వేడి దాదాపు 10 లక్షల జౌళ్లు. ఇప్పుడు అదే బండి తిరుమల కొండ మీదినుంచి తిరుపతికి దిగుతోందనుకోండి. ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. ఆ దిగుడులో వదిలించుకోవాల్సిన శక్తి కోటీ 70 లక్షల జౌళ్లు. వంద వేగం నుంచి పద్దెనిమిది సార్లు పూర్తిగా ఆగినంత! గాలి, టైర్ల రాపిడి కొంత తీసుకుంటాయి. మిగిలినది ఇంజను మోయాలి, లేదంటే బ్రేకు మోయాలి.

పెద్ద టైరు సరిగ్గా ఈ పంపకాన్నే చెడగొడుతుంది. చక్రం ఎత్తు పెరిగిందంటే అదే వేగానికి ఇంజను తక్కువ చుట్లు తిరుగుతుంది, చక్రాన్ని వెనక్కు లాగే బలమూ తగ్గుతుంది. రెండో గేరులో దిగితే మునుపు నిలబడిన బండి ఇప్పుడు జారుకుంటూ వేగం అందుకుంటుంది, డ్రైవరు కాలు పెడల్ మీదికి పోతుంది. ఇంజను వదిలేసిన పని బ్రేకు నెత్తిన పడుతుంది.

దీనికి తోడు మీటరు మోసం. స్పీడోమీటరు చక్రం చుట్లను లెక్కపెడుతుంది. 315/70 వేశాక మీటరు 100 చూపినప్పుడు అసలు వేగం 112 దాకా ఉండొచ్చు. కంపెనీలు మీటరును కాస్త ఎక్కువ చూపేలా అమర్చుతాయి గనుక తేడా కొంత తగ్గుతుంది గానీ పోదు. ఆపాల్సిన శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. 12 శాతం వేగం పెరిగితే శక్తి 25 శాతం పెరుగుతుంది. డ్రైవరుకు తెలియకుండానే బ్రేకు మీద పాతిక శాతం భారం! మీటరును సరిచేయించడానికి అయ్యే ఖర్చు బ్రేకు సామానుతో పోలిస్తే చాలా తక్కువ. అయినా దాన్ని బ్రేకు పనిగా లెక్కపెట్టేవాళ్లు అరుదు.

టైరు బరువు గురించి మాత్రం భయం కాస్త ఎక్కువగానే ప్రచారంలో ఉంది. ఈ సైజుల్లో మామూలు రోడ్డు టైరు 17 కిలోల దగ్గర ఉంటే, గట్టి గోడల 285/70 టైరు 25 కిలోల దగ్గర తూగుతుంది. తిరిగే వస్తువు గనుక టైరు అంచున పెరిగిన కిలో, ఆపేటప్పుడు దాదాపు రెండు కిలోల భారంగా పనిచేస్తుంది. నాలుగు టైర్లకు ఎనిమిదేసి కిలోలు పెరిగితే బ్రేకుకు తెలిసే భారం అరవై కిలోలు, అంటే మొత్తంలో రెండున్నర శాతం. ఇనుప బంపరు, వించి, పైకప్పు మీద గుడారం, వెనక నీళ్ల డబ్బాలు కలిపితే అంతకు ఎన్నో రెట్లు. టైరు బరువు గురించి దిగులుపడుతూ బండి నిండా సామాను కట్టేవాళ్లు తప్పు వైపు చూస్తున్నారు.

వేడి మితిమీరితే ఏం జరుగుతుందో కూడా తెలియాలి. ప్యాడ్ల రాపిడి గుణం పడిపోతుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది గానీ బండి ఆగదు. డ్రమ్ము వేడికి వ్యాకోచించి లైనర్లకు దూరంగా జరుగుతుంది. పెడల్ కిందికి దిగుతుంది. అన్నిటికంటే ఘోరం బ్రేకు ఆయిలు మరగడం. ఆవిరి బుడగ నలిగిపోతుంది, ఒత్తిడిని అందించదు. పెడల్ మెత్తగా నేలకు అంటుతుంది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిలు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 140. డాట్ 4కు ఇవి 230, 155. డాట్ 5.1కి 260, 180. పాతబడిన ఆయిలుతో ఘాట్ దిగే బండికి ఎంత పెద్ద డిస్కులున్నా రక్షణ లేదు.

పట్టు: టైరే మొదటి బ్రేకు

మూడో నష్టం బ్రేకుల్లో అసలు ఉండదు. బండిని ఆఖరున ఆపేది అరచేతి కంటే కాస్త పెద్దవైన నాలుగు రబ్బరు ముక్కలు. బురద కోసం చేసిన టైరులో గళ్ల మధ్య ఖాళీ ఎక్కువ, నేలను తాకే రబ్బరు తక్కువ. దిమ్మెలు పొడవుగా ఉండి బ్రేకు వేసినప్పుడు వంగుతాయి. రాళ్లకు చిట్లకుండా ఉండేందుకు రబ్బరు మిశ్రమాన్నీ గట్టిగా చేస్తారు. తడి తారు రోడ్డు మీద ఈ మూడూ ఆగే దూరాన్ని పెంచుతాయి. ఎండలో కడిగినట్టున్న రోడ్డు మీద తేడా అంతగా తెలియదు. తొలకరి వాన పడి దుమ్ము, నూనె కలిసి జిగటగా ఉన్న రోజున తెలుస్తుంది.

లారీ తరహా గట్టి టైరులో గాలి విషయంలోనూ పొరపాటు జరుగుతుంది. గోడ మీద రాసిన అత్యధిక ఒత్తిడిని చూసి అంత గాలీ నింపేస్తే, ఖాళీ పికప్ వెనక చక్రాలు నేలను అంటీ అంటకుండా నడుస్తాయి. బండి బరువుకు తగ్గ గాలి వేరు, టైరు మోయగలిగిన గాలి వేరు.

ఏబీఎస్, స్థిరత్వ నియంత్రణ యంత్రాలకూ ఇందులో పాత్ర ఉంది. నాలుగు టైర్లూ ఒకే సైజులో మార్చితే చక్రాల వేగాలను పోల్చుకోవడంలో ఇబ్బంది రాదు. కానీ బరువైన చక్రం జారడానికీ, తిరిగి పట్టు అందుకోవడానికీ ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఆ సమయాన్ని కంపెనీ పాత చక్రానికి కొలిచి అమర్చింది. బండిని పైకి లేపడంతో బరువు కేంద్రమూ మారుతుంది. పెరిగిన ప్రతి అంగుళానికీ ఆ యంత్రం తనకు తెలియని బండిని నడుపుతున్నట్టే.

మార్కెట్టులో ఉన్న మందులు

నష్టాలు విడివిడిగా తెలిశాక మందుల సంగతి తేలిక.

మొదట ప్యాడ్లు. అమెరికాలో ప్యాడ్ల మీద రెండు అక్షరాల గుర్తు వేస్తారు: మొదటిది మామూలు వేడిలో రాపిడి, రెండోది ఎక్కువ వేడిలో. ‘ఎఫ్’ అంటే రాపిడి గుణకం 0.35 నుంచి 0.45, ‘జీ’ అంటే 0.45 నుంచి 0.55, ‘ఈ’ అంటే 0.25 నుంచి 0.35. ‘ఈఈ’ ప్యాడ్ల నుంచి ‘ఎఫ్ఎఫ్’కి మారితేనే, 33 అంగుళాల టైరు తిన్న ఆరున్నర శాతం బలం మామూలుగా తిరిగి వచ్చేస్తుంది. ఖర్చులో అన్నిటికంటే తక్కువ, ఫలితంలో అన్నిటికంటే ఎక్కువ ఇచ్చేది ఇదే. వేసిన వెంటనే మోస్తరు వేగాల నుంచి పలుసార్లు నెమ్మదించి, మధ్యలో చల్లారనిచ్చి, ప్యాడ్లను డిస్కుకు అలవాటు చేయాలి. ఆ పని వదిలేసి కొత్త ప్యాడ్లను తిట్టేవాళ్లు చాలామంది.

తర్వాత పెద్ద డిస్కులు. 300 మి.మీ. డిస్కు స్థానంలో 320 మి.మీ. వస్తే ప్యాడు పట్టే చోటు చక్రం మధ్య నుంచి పది మిల్లీమీటర్లు దూరం జరిగి, ఎనిమిది శాతం దాకా బలం పెరుగుతుంది. మందం కూడా పెరిగితే వేడి నిలుపుకునే సామర్థ్యమూ పెరుగుతుంది. అసలు లాభం అదే. అమెరికాలో ఇందుకు టొయోటా బండ్లలో పేరొందిన పద్ధతి ఒకటుంది. 1996–2002 ఫోర్‌రన్నరుకూ అదే కాలపు టకోమాకూ మొదటి తరం టండ్రా ముందు క్యాలిపర్లు, మందమైన డిస్కులు బిగించుకుంటారు. ఒకే కంపెనీ సామాను, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, ప్యాడ్లు చవక. ఖరీదైన కిట్ల కంటే ఇదే నిలబడింది. రిమ్ము మాత్రం కనీసం 16 అంగుళాలుండాలి. పెద్ద డిస్కుకు పెద్ద రిమ్ము కావాలి, రాళ్లలో తిరిగేవాడికి చిన్న రిమ్ము, పొడవాటి గోడ కావాలి. ఈ రెండు కోరికలూ ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. క్యాలిపరుకూ రిమ్ముకూ మధ్య సందు మరీ తక్కువైతే అందులో రాయి ఇరుక్కుని రిమ్మును కోసేస్తుంది.

పెద్ద క్యాలిపరు వేసేటప్పుడు మరిచిపోయేది మాస్టర్ సిలిండరు. పిస్టన్ల వైశాల్యం పెరిగితే వాటిని కదిలించడానికి ఎక్కువ ఆయిలు కావాలి, పెడల్ ఎక్కువ దూరం దిగుతుంది. సిలిండరును కూడా పెద్దది చేస్తే పెడల్ పైకి వస్తుంది గానీ గట్టిపడుతుంది, సంపాదించిన బలంలో కొంత పోతుంది. ఒకటి ముట్టుకుంటే రెండోది కదులుతుంది.

వెనక డ్రమ్ములను డిస్కులుగా మార్చడం ఎక్కువమందిని ఆకర్షిస్తుంది. టకోమాకు 2023 మోడల్ దాకా వెనక డ్రమ్ములే ఉండేవి, 2024 మోడల్ నుంచి డిస్కులు వచ్చాయి. డిస్కులో బురద, నీరు నిలవవు, వేడి త్వరగా ఆరుతుంది. వాగులు దాటేవాళ్లకు అది నిజమైన మేలు. ఆగే దూరం తగ్గుతుందని మాత్రం ఆశించకూడదు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది. ఖాళీ పికప్ వెనక చక్రాలకు మిగిలే పని కొద్దిపాటిదే. అక్కడ బలం పెంచితే వెనక భాగం పక్కకు తిరిగే ప్రమాదం పెరుగుతుంది. చిల్లుల డిస్కులు చూపుకు బాగుంటాయి. బరువైన బండిలో చిల్లుల దగ్గర పగుళ్లు మొదలయ్యే అవకాశం ఉంది గనుక పికప్పుకు సాదా మందపు డిస్కే మేలు.

ఎవరూ చూడని రెండు చిన్న భాగాలు

పెద్ద టైరు పట్టాలంటే సాధారణంగా బండిని పైకి లేపుతారు. ఆ లేపడంలోనే రెండు చిన్న భాగాలు దెబ్బతింటాయి.

ఒకటి, లోడును బట్టి వెనక బ్రేకు ఒత్తిడిని సర్దే వాల్వు. పాత టొయోటా పికప్పులతో సహా ఎన్నో బండ్లలో ఇది ఉంది. ఛాసిస్ మీద వాల్వు, దానినుంచి వెనక హౌసింగు దాకా ఒక సన్నని కడ్డీ. వెనక లోడు వేస్తే కమాన్లు అణిగి ఛాసిస్ హౌసింగుకు దగ్గరవుతుంది. కడ్డీ ఆ దూరాన్ని వాల్వుకు చెబుతుంది, వాల్వు వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి వదులుతుంది. బండి ఖాళీగా ఉంటే దూరం ఎక్కువ, ఒత్తిడి తక్కువ. ఇప్పుడు కమాన్ల కట్టను మార్చి బండిని రెండంగుళాలు లేపారనుకోండి. వాల్వుకు ఆ బండి ఎప్పుడూ ఖాళీగానే కనబడుతుంది. వెనక నిండా లోడున్నా వెనక బ్రేకులు సగం నిద్రలోనే ఉంటాయి, పనంతా ముందు డిస్కుల మీద పడుతుంది. యజమాని ముందు డిస్కులు వేడెక్కుతున్నాయని పెద్ద డిస్కుల కోసం వెతుకుతాడు. కావలసిందల్లా ఆ కడ్డీ పట్టీని లేపినంత మేరకు ఎత్తులో బిగించడం. ఒక్క ఇనుప పట్టీ, రెండు బోల్టుల పని!

రెండోది బ్రేకు హోసు. ఒక చక్రం గుంతలోకి వేలాడినప్పుడు, లేపిన బండిలో అది మునుపటికంటే ఎక్కువ కిందికి దిగుతుంది. హోసు పొడవు మాత్రం పాతదే. బిగుసుకున్న హోసు ఆ రోజు తెగకపోవచ్చు, మెటల్ చివర దగ్గర నలిగి మరెప్పుడో తెగుతుంది. జాకీ పెట్టి చక్రాన్ని పూర్తిగా వేలాడదీసి, స్టీరింగు రెండు వైపులా తిప్పి, హోసులో ఇంకా వదులు ఉందో లేదో కంటితో చూసేదాకా బండిని షెడ్డు దాటనివ్వకూడదు.

క్రౌన్, పినియన్ కూడా బ్రేకు సామానే

టైరు పెరిగినప్పుడు డిఫరెన్షియల్ లోని క్రౌన్, పినియన్ నిష్పత్తి మార్చడం అమెరికాలో మామూలు సంగతి. 3.9 నిష్పత్తి ఉన్న బండికి 35 అంగుళాల టైర్లు వేస్తే 4.56 జత వేయిస్తారు. బండి వేగం అందుకోవడం కోసమనే అందరూ ఆ పని చేస్తారు. నిజానికి దిగుడులో దాని విలువ అంతకంటే ఎక్కువ. పోయిన ఇంజను బ్రేకింగు మొత్తం తిరిగి వస్తుంది, డిస్కుల నెత్తిన పడిన వేడి మళ్లీ ఇంజను మీదికి మారుతుంది. ఘాట్లలో ఎక్కువ తిరిగే పెద్ద టైర్ల బండికి, పెద్ద డిస్కుల కంటే గేరు మార్పు ముందు రావాలని నా గట్టి అభిప్రాయం. మన దగ్గర ఆ సామాను దొరకడం కష్టం. దొరకనప్పుడు టైరు సైజునే తగ్గించుకోవడం వివేకం.

దేశాల అనుభవం

ఐస్లాండులో ఈ ప్రశ్న సరదాగా మొదలవలేదు. మంచు మీద తేలాలంటే 38, 44 అంగుళాల టైర్లలో గాలిని మూడు నాలుగు పీఎస్‌ఐకి దించి నడపాలి. 1990లో మొదలైన ఆర్కిటిక్ ట్రక్స్ అక్కడి అనుభవంలోంచి పుట్టిన సంస్థే. టైరు, ఫెండరు, సస్పెన్షను, గేరు అన్నీ ఒకే పనిగా చూడటం వాళ్ల పద్ధతి. 2007లో టాప్ గేర్ కార్యక్రమం కోసం ఉత్తర అయస్కాంత ధ్రువం దిశగా వెళ్లిన హైలక్సులు వాళ్లు తయారుచేసినవే.

అమెరికాలో కంపెనీలే ఈ దారిలోకి వచ్చాయి. ఫోర్డ్ 2010 మోడల్ రాప్టర్‌ను 35 అంగుళాల టైర్లతో అమ్మింది. 2021 మోడల్‌లో 37 అంగుళాలవి కూడా ఇచ్చింది. అలాంటి బండికి బ్రేకు, గేరు, ఏబీఎస్ అన్నీ ఆ టైరుకే కొలిచి అమర్చుతారు. బయట షెడ్డులో టైరు ఒక్కటే మార్చినవాడు తన బండిని దానితో పోల్చుకోకూడదు.

ఆస్ట్రేలియా ఈ విషయాన్ని నియమంగా రాసుకుంది. అక్కడి జాతీయ మార్పుల నియమావళి 14వ బులెటిన్ ప్రకారం, ఫోర్ వీల్ డ్రైవ్ బండికి కంపెనీ అనుమతించిన అతి పెద్ద టైరు కంటే 50 మి.మీ. ఎత్తు వరకే సర్దుబాటు. మనం లెక్కకు తీసుకున్న బండికి కంపెనీ అనుమతించిన పెద్ద సైజు 265/65 అయితే, ఎంతో మంది మామూలుగా వేయించే 285/70 కూడా ఆ గీతను నాలుగున్నర మిల్లీమీటర్లు దాటుతుంది.

మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా మార్పులు చేయకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ అర్థాన్నే గట్టిపరిచింది. పెద్ద టైరు వేసేవాడు జరిమానా గురించే కాదు, ప్రమాదం జరిగాక బీమా దగ్గర ఎదురయ్యే ప్రశ్నల గురించీ ఆలోచించాలి. తెలుగు నేలకు ఈ చర్చతో నేరుగా సంబంధం ఉంది. ఇసుజు వీ-క్రాస్ పికప్పులు తిరుపతి జిల్లా శ్రీసిటీలోని కర్మాగారంలో తయారవుతున్నాయి. ఆ కర్మాగారం 2016 ఏప్రిల్‌లో మొదలైంది. ఆ బండికి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. దాని తోబుట్టువైన డీ-మ్యాక్స్ బ్రిటన్‌లో ఆర్కిటిక్ ట్రక్స్ చేతిలో 35 అంగుళాల టైర్లతో ఏటీ35గా అమ్ముడైంది. ఆ ఫొటోలు చూసి ఇక్కడ టైర్లు మాత్రమే వేయించుకుని మారేడుమిల్లి ఘాట్ దిగడం, ఏటీ35లో దిగడంతో సమానం కాదు.

ఏది ముందు, ఏది వెనక

ముందు రోగం తేల్చుకోవాలి. మనుషులూ బండ్లూ లేని ఖాళీ చోట, పొడి నేల మీద, యాభై కిలోమీటర్ల వేగంలో గట్టిగా తొక్కి చూడాలి. ఏబీఎస్ అందుకుంటే బలం సరిపోతోంది. కాలు అరిగిపోయేలా తొక్కినా అందుకోకపోతే తగ్గింది బలమే. ప్యాడ్లు, ఆ తర్వాత డిస్కులు చూడాలి. మొదట బాగా పట్టి, వరుసగా దిగుతూ పోయేకొద్దీ వాసన వచ్చి పట్టు సడలితే అది వేడి. ఆయిలు, గేరు, లోడు, ఆ తర్వాతే మందపు డిస్కులు. కొద్దిగా తొక్కగానే ఏబీఎస్ కొట్టుకుంటూ బండి జారిపోతుంటే అది టైరు పట్టు. దానికి బ్రేకు దుకాణంలో మందు లేదు.

క్రమం విషయానికొస్తే నా సలహా ఇది. టైరు మార్చే ముందే, అవసరానికి సరిపోయే అతి చిన్న సైజు ఎంచుకోండి. మన దారులకు మూడున్నర శాతం పెరుగుదల ఇచ్చే 265/70, అన్ని దారులకూ పనికొచ్చే గళ్లతో, ఎక్కువమందికి సరిపోతుంది. మార్చిన రోజే మీటరు సరిచేయించండి, హోసులు చూడండి, వాల్వు కడ్డీ ఉంటే సర్దండి, బ్రేకు ఆయిలు పూర్తిగా మార్చించి రెండేళ్లకోసారి మళ్లీ మార్చండి. 33 అంగుళాలకు వెళితే మంచి ప్యాడ్లు చేర్చండి. 35కి వెళితే గేరు నిష్పత్తి, మందపు ముందు డిస్కులు, సరిపోయే మాస్టర్ సిలిండరు అన్నీ కలిపి ఒకే పనిగా చేయించండి. ఆ డబ్బు చేతిలో లేకపోతే 35 కూడా వద్దు.

టైరు ఖర్చులో బ్రేకు ఖర్చు కలిసే ఉంటుంది. షెడ్డులో ధర అడిగేటప్పుడే రెండూ కలిపి అడగాలి. టైర్లు అమ్మే దుకాణదారుడు ఆ లెక్క చెప్పడు, కొనేవాడే అడిగి రాబట్టుకోవాలి. ఎందుకంటే ఆ బండిలో మన పిల్లలు కూర్చుంటారు, దాని ముందు రోడ్డు దాటేవాళ్లు ఎవరి పిల్లలో ఉంటారు.